పాతూరు రొట్టెలక్క దగ్గర మా థ్యాంక్స్‌గివింగ్ భోజనం

అనంతపురంలో జొన్నరొట్టె యాడ బాగుంటుంది అని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే చోటు. టవర్ క్లాక్ నుంచి పాతూరు లోపలికి పోతే ఒక సన్న సందులో, ఇంటి ముందర పంచలో రెండు బల్లలు వేసుకుని నడుపుతుంది ఆ అక్క. బోర్డు లేదు, మెనూ కార్డు లేదు, చుట్టుపక్కల అందరూ రొట్టెలక్క అంటారు, నేనూ అట్లనే పిలుస్తా. ఐదారేళ్ళుగా పార్సిల్ తెచ్చుకుంటున్నా గానీ రివ్యూ రాయాలని ఎప్పుడూ తోచలేదు. నవంబర్ నెలాఖరులో మా ఇంటిల్లిపాదీ, మొత్తం తొమ్మిది మందిమి, ఆమె పంచలో కూర్చుని తిన్న భోజనం తర్వాత రాయకుండా ఉండలేకపోతున్నా. కొంచెం పొడుగు అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మా అన్న వాళ్ళు డల్లాస్‌లో ఉంటారు. అక్కడ స్కూళ్ళకి నవంబర్ చివర్లో వారం సెలవులిస్తారు, దానికి ఇంకో వారం కలుపుకుని, వదిన వాళ్ళమ్మకి కంటి ఆపరేషన్ ఉందని వచ్చినారు. పాప ఐదో క్లాసు. వచ్చిన మూడో రోజు నుంచి ఒకటే మాట, అత్తా గురువారం థ్యాంక్స్‌గివింగ్, మనం ఇక్కడ చేసుకోమా అని. అక్కడైతే ఇంట్లో అందరూ కలిసి తినేది ఆ రోజే అంట, ఇక్కడ ఇంతమంది ఉండి చేసుకోకపోతే ఎట్లా అని దాని బాధ. నేను హైస్కూల్లో సోషల్ చెప్తా, నాకూ ఉబలాటమే.

ముందు ఊర్లో ఒక పెద్ద హోటల్లో అడిగినా. టర్కీ కోడి దొరకదు గానీ మామూలు కోడిని నిండుగా కాల్చి ఇస్తాం, కేక్ పెడతాం, మనిషికి 900 అని చెప్పి అడ్వాన్స్ తీసుకున్నారు. బుధవారం సాయంత్రం కన్ఫర్మ్ చేసుకుందామని ఫోన్ చేస్తే, రిసెప్షన్ బుకింగ్ వచ్చింది మేడం కుదరదు అన్నారు. మనం చెయ్యకపోతే వాళ్ళంతట వాళ్ళు చెప్పేవాళ్ళు కూడా కాదేమో. అడ్వాన్స్ వెనక్కి రావడానికి మూడు రోజులు తిరిగినా. పాప మొహం చూడలేక, అప్పటికప్పుడు స్కూటీ తీసుకుని రొట్టెలక్క దగ్గరికి పోయినా, ఏదో ఒకటి చేసి పెట్టక్కా రేపు మధ్యాహ్నానికి అని.

ఆమె పొయ్యి ముందర కూర్చునే మాట్లాడింది, చెయ్యి ఆపకుండా. "ఏం పండగమ్మా ఇప్పుడు?"

"అమెరికా వాళ్ళ కోతల పండగక్కా. పంట ఇంటికి వచ్చినాక చేసుకుంటారు."

"ఏం పంట?"

"మొదట చేసుకున్నప్పుడు మొక్కజొన్న అక్కా."

"విత్తనం వాళ్ళదేనా?"

నాకు ఒక నిమిషం మాట రాలేదు. ఇన్నేళ్ళుగా పిల్లలకి పాఠం చెప్తున్నా, ఒక్క పిల్లోడూ ఆ ప్రశ్న అడగలేదు, నాకూ తోచలేదు. సేద్యం ఇంట్లో పుట్టిన మనిషి కాబట్టి ఆమెకి ముందు విత్తనమే గుర్తొచ్చింది. వాళ్ళది కాదక్కా, అంతకుముందు నుంచి అక్కడుండే వాళ్ళది అని చెప్పినా. అయితే మొక్కజొన్న రొట్టె కూడా కొడతా, పొద్దున మిల్లు తెరవంగానే పిండి పట్టిస్తా, నీచు మాత్రం అడగొద్దమ్మా గురువారం నేను వండను అంది. ఆమె రాఘవేంద్రస్వామి భక్తురాలు, ఏటా మంత్రాలయం పోతుంది. మా వదిన కూడా గురువారం నీచు ముట్టదు. ఆ పండగేమో ఎప్పుడూ గురువారమే. అట్లా కోడి ఊసే లేకుండా మా థ్యాంక్స్‌గివింగ్ ఖాయమైపోయింది.

ఇంగ తిండి సంగతికి వస్తా. మేము పన్నెండున్నరకి పోయేసరికి రెండు కట్టెల పొయ్యిలు మండుతున్నాయి. జొన్నపిండిలో మరిగే నీళ్ళు పోసి, కట్టెతో కలిపి, చెయ్యి పట్టేంత వేడి ఉండంగానే మెదపడం మొదలుపెట్టింది. నేను పాపని పక్కన కూర్చోబెట్టి చూపించినా. ముద్దని పలక మీద పెట్టి అరచేత్తో తడుతూ ఉంటే అది తనంతట తాను తిరుగుతూ పెద్దదవుతుంది, అంచు ఎక్కడా చీలదు. పెనం మీద వేసినాక తడిగుడ్డతో పైనంతా ఒకసారి తుడుస్తుంది, ఆ తడి ఆరే లోపల తిప్పాల, ఒక్క క్షణం అటూ ఇటూ అయితే పొంగదు. తిప్పి నిప్పుల పక్కన నిలబెడితే బూరెలాగ ఉబ్బింది. పాప ఫోన్ తీసి వీడియో తీయబోయి, మళ్ళీ పక్కన పెట్టేసి కళ్ళతోనే చూసింది.

మొక్కజొన్న రొట్టె మాత్రం అక్కకి కూడా కష్టమైంది. ఆ పిండికి జొన్నకున్న జిగట లేదు, తడితే చీలిపోతుంది. మొదటి రెండు పగిలిపోయినాయి. మూడోదాన్ని చిన్నగా, మందంగా కొట్టి అరిటాకు మీదే తట్టి పెనం మీద బోర్లించింది. తియ్యగా, కొంచెం పలుకుగా, అంచులు కరకరలాడుతూ చాలా బాగుంది. మొక్కజొన్న రొట్టెలు నేను ఉత్తరాది ధాబాల్లో తిన్నా గానీ ఇంత వాసన ఉండేది తినలేదు, పొద్దున పట్టించిన పిండి కాబట్టి అనుకుంటా.

దాంతో పాటు నువ్వులద్దిన సజ్జరొట్టెలు, గుత్తివంకాయ, అనపకాయల (చిక్కుడు లాంటి గింజలు, సొరకాయ కాదు) పులుసు, బెల్లం వేసిన గుమ్మడికాయ కూర, చెనిక్కాయల ఊరుమిండి (వేరుశెనగల పచ్చడి), పెరుగు, ఓళిగలు. అనపకాయలు అప్పుడప్పుడే మార్కెట్టుకి రావడం మొదలైనాయి, గింజ లేత, పులుసు ఆ వాసనకే సగం కడుపు నిండింది. గుత్తివంకాయలో నూనె కొంచెం ఎక్కువైంది, అది నిజం చెప్పాల. ఓళిగలు సన్నగా, పూర్ణం అంచు దాకా ఉంది. ఊరుమిండి రోట్లో నూరిందే, మిక్సీది కాదు, చెనిక్కాయ పలుకులు పంటికి తగులుతూ ఎండుమిరపకాయ ఘాటు చివర్లో వస్తుంది. మా అన్న నాలుగుసార్లు వడ్డించుకున్నాడు.

రొట్టెలు కాలుతుండంగా పాప అక్కకి కథ చెప్పడం మొదలుపెట్టింది. సగం తెలుగు, సగం ఇంగ్లీషు, మధ్యలో నేను అందుకుంటూ. 1620లో మేఫ్లవర్ అనే ఓడలో 102 మంది ఇంగ్లండ్ నుంచి అమెరికాకి పోయినారు, చలికాలం మొదట్లో ఒడ్డుకి చేరినారు, వసంతం వచ్చేసరికి దాదాపు సగం మంది చనిపోయినారు. వాళ్ళు దిగి ఊరు కట్టుకున్న ప్లిమత్ అనే చోటు ఖాళీ జాగా కాదు, అంతకుముందు అక్కడ పటక్సెట్ అని వాంపనోగ్ అనే మూలవాసుల పల్లె ఉండేది. అప్పటికి కొన్నేళ్ళ ముందు అంటురోగం వచ్చి ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది. ఆ ఊరివాడు ఒకడే, టిస్క్వాంటమ్ అని, 1614లో ఒక ఓడ కెప్టెన్ అతన్ని ఎత్తుకుపోయి స్పెయిన్‌లో అమ్మబోయినాడు, అక్కడ నుంచి ఎట్లో ఇంగ్లండ్ చేరి, ఇంగ్లీషు నేర్చుకుని, 1619లో ఇంటికి తిరిగొస్తే ఊరే లేదు. అయిన వాళ్ళు ఒక్కరు మిగల్లేదు. ఆ మనిషే కొత్తగా వచ్చిన వాళ్ళకి మొక్కజొన్న ఎట్లా నాటాలో చూపించినాడు, గింజల కింద చేపలు ఎరువుగా పెట్టాలని చెప్పినాడు.

ఇక్కడ అక్క మొదటిసారి చెయ్యి ఆపింది. "తన వాళ్ళు చచ్చిపోయిన మడిలోనా?" అంది. అవునక్కా, ఆ నేలలోనే అన్నా. ఆమె ఇంకేం అనలేదు, పొయ్యిలో కట్టె ముందుకి తోసింది.

ఆ సంవత్సరం పంట గురించి, ఆ ఓడలో వచ్చిన ఎడ్వర్డ్ విన్‌స్లో అనే ఆయన 1621 డిసెంబర్‌లో రాసిన ఉత్తరం ఉంది. మొదటి పండగ గురించి చూసినవాళ్ళు రాసింది చాలా తక్కువ, అందులో ఇది ముఖ్యమైనది. నేను దాన్ని క్లాసులో చాలాసార్లు చెప్పినా. మొక్కజొన్న 20 ఎకరాలు నాటినారు, బార్లీ, బఠాణీ కలిపి ఒక 6 ఎకరాలు వేసినారు. మొక్కజొన్న బాగా పండింది, బార్లీ అంతంత మాత్రం, బఠాణీ మాత్రం కోసుకోడానికి కూడా పనికిరాలేదు. ఆలస్యంగా విత్తినామేమో, మొలకలు బాగానే వచ్చినాయి, పూత కూడా వచ్చింది, ఆ పూతలోనే ఎండకి మాడిపోయింది అని రాసినాడు. అంటే ఇంగ్లండ్ నుంచి మోసుకుపోయిన విత్తనం పెద్దగా చేతికి రాలేదు, అక్కడి వాళ్ళ విత్తనం, అక్కడి వాళ్ళ పద్ధతి వాళ్ళని బతికించింది.

పూతలో మాడిపోయింది అనంగానే అక్క, "పూత మీద ఎండ కాస్తే ఇంగేముంటాదమ్మా" అంది. కళ్యాణదుర్గం దిక్కు అక్క వాళ్ళకి నాలుగెకరాల చెనిక్కాయ చేను ఉంది. జూన్ జులైలో విత్తి, పసుప్పచ్చ పూత చూసి సంబరపడి, ఊడలు దిగే టైముకి వాన మొహం చాటేస్తే కాయలో గింజ ఉండదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే జిల్లా మాది, అదీ ఎప్పుడు పడుతుందో నమ్మకం లేదు. నాలుగు వందల ఏళ్ళ కిందట సముద్రం అవతల రాసిన ఉత్తరంలో ఒక్క వాక్యం, పాతూరు పంచలో కూర్చున్న ఆమెకి నేను వివరించాల్సిన అవసరమే రాలేదు. ఇన్నేళ్ళు క్లాసులో చదివి వినిపించినా, ఆ వాక్యం అంత బరువైందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ పంట ఇంటికి వచ్చినాక మూడు రోజులు విందు చేసుకున్నారు. గవర్నరు నలుగురిని పిట్టల వేటకి పంపినాడు. విన్‌స్లో పిట్టలు అనే రాసినాడు, టర్కీ అని పేరు పెట్టి రాయలేదు. వాంపనోగ్ పెద్ద మసాసోయిట్ దాదాపు 90 మంది మగవాళ్ళతో వచ్చినాడు, ఇంగ్లీషు వాళ్ళు అప్పటికి మిగిలింది 50 మంది చిల్లర. వచ్చిన వాళ్ళే ఐదు జింకలు కొట్టుకొచ్చి ఇచ్చినారు. దానికి ఎవరూ థ్యాంక్స్‌గివింగ్ అని పేరు పెట్టలేదు, ఆ మాట అప్పట్లో వాళ్ళకి చర్చిలో ప్రార్థన చేసే దినం, తిండీ ఆటలూ ఉండే దినం కాదు.

వదిన అడిగింది, ఇదంతా సరే గానీ గురువారమే ఎందుకు పెట్టుకున్నారు అని. 1789లో అక్కడి మొదటి ప్రెసిడెంట్ వాషింగ్టన్ దేశమంతా నవంబర్ 26న దేవుడికి కృతజ్ఞత చెప్పుకోండి అని ప్రకటించినాడు, అది గురువారం. తర్వాత ఏ రాష్ట్రం వాళ్ళు వాళ్ళకి తోచినప్పుడు చేసుకునేవాళ్ళు. సారా జోసెఫా హేల్ అని ఒక మహిళా పత్రిక ఎడిటరు, అందరికీ ఒకే రోజు ఉండాలని ఏళ్ళ తరబడి రాస్తూనే ఉంది, ప్రెసిడెంట్ల మీద ప్రెసిడెంట్లకి ఉత్తరాలు. చివరికి 1863లో లింకన్ ఒప్పుకున్నాడు. అప్పుడు అక్కడ అన్నదమ్ముల మధ్య యుద్ధం జరుగుతోంది, ఒక పక్క శవాలు లేస్తుంటే ఇంకో పక్క పంటలు బాగున్నాయి, దేవుడికి దండం పెట్టుకుందాం అని నవంబర్ చివరి గురువారం పెట్టినాడు. 1939లో రూజ్‌వెల్ట్ దాన్ని వారం ముందుకి జరిపినాడు, క్రిస్మస్ అమ్మకాలకి ఎక్కువ రోజులు దొరుకుతాయని. సగం రాష్ట్రాలు ఒక రోజు, సగం ఇంకో రోజు చేసుకుని గోల అయిపోతే 1941లో నాలుగో గురువారం అని చట్టమే చేసినారు. అంటే ఆ మూడు రోజుల విందుకీ, లింకన్ దేశమంతటికీ ఒకే రోజు పెట్టడానికీ మధ్య రెండు వందల నలభై ఏళ్ళు ఉంది. మధ్యలో ఒక ఆడమనిషి పట్టుదల ఉంది.

పాప స్కూల్లో వేసిన నాటకం విందుతో అయిపోతుంది. నేను దానికి తర్వాతి సంగతి కూడా చెప్పినా, ఐదో క్లాసు పిల్లకి చెప్పొచ్చా అని అన్న నా వైపు చూసినాడు గానీ చెప్పాల్సిందే అనిపించింది. మసాసోయిట్ పోయినాక, 1675లో అతని కొడుకు మెటకోమ్‌కీ ఇంగ్లీషు వాళ్ళకీ యుద్ధం వచ్చింది, మరుసటేడు అతన్ని చంపి తల అదే ప్లిమత్‌లో కొయ్యకి గుచ్చి పెట్టినారు. కలిసి విందు తిన్న ఊర్లోనే. అందుకే 1970 నుంచి ఆ గురువారం నాడు అక్కడి మూలవాసులు ప్లిమత్‌లో చేరి సంతాప దినం జరుపుకుంటారు. పాప చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, అయితే మనం ఇప్పుడు థ్యాంక్స్ ఎవరికి చెప్పాలి అత్తా అని.

దానికి ఆకులో ఉన్నవి ఒక్కొక్కటే చూపించినా. మొక్కజొన్న మెక్సికో వైపు జనం వేల ఏళ్ళు ఏరి ఏరి గడ్డిమొక్క నుంచి చేసింది. గుమ్మడికాయ ఆ ఖండానిదే. చెనిక్కాయ దక్షిణ అమెరికాది. ఎండుమిరపకాయ కూడా అక్కడిదే, పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మనకి వచ్చింది, అంతకుముందు మన వంటల్లో కారానికి మిరియాలే. అంటే అనంతపురం మనిషికి ప్రాణమైన ఊరుమిండి, ఉప్పూ చింతపండూ తీసేస్తే, మొత్తం ఆ మూలవాసుల చేతుల్లో పుట్టింది. జొన్న, సజ్జ ఆఫ్రికా నుంచి ఎప్పుడో వచ్చినాయి. వంకాయ మనదే, నువ్వులు మనవే, ఓళిగలో కందిపప్పు మనదే. అక్క వినేసి, "అయితే మనకి కూడా విత్తనం ఎవురో ఇచ్చినోళ్ళే" అని ఊరుకుంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఊరుమిండి రోలు కడుగుతోంది.

మన వైపు కోతల పండగ అంటే సంక్రాంతి అని టీవీలో చూపిస్తారు గానీ, కోస్తాలో వరి కుప్పలు ఇంటికొచ్చే టైం అది. సీమలో ఒక్కో పంటకి ఒక్కో నెల. చెనిక్కాయ దీపావళి అటూ ఇటూ పీకేస్తాం, కంది పుష్యంలో, నల్లరేగడి పొలాల్లో చలికాలపు జొన్న సంక్రాంతికి ఇంకా పాలకంకి మీదే ఉంటుంది. ధాత కరువు కథలు మా అవ్వ వాళ్ళవ్వ దగ్గర విన్నవి చెప్పేది, 1876లో మొదలైన కరువు, అందుకేనేమో మా ఇళ్ళల్లో పండగ రోజు కన్నా గింజ ఇంటికి చేరిన రోజు ముఖ్యం. మూట దించి, పసుపు కుంకుమ పెట్టి, ఒక చేటెడు పక్కన తీసి ఎవరికైనా ఇచ్చినాకే మిగతాది గాదెలో పోసేవాళ్ళం. మా చిన్నప్పుడు దానికి పేరేం లేదు, సెలవూ లేదు.

సరే, అక్కడికి పోవాలనుకునే వాళ్ళకి కొన్ని చెప్పాల. కారు సందులోకి రాదు, బయట మెయిన్ రోడ్డు మీదే పెట్టుకుని నడవాల. పంచకి రెండు ఎత్తు మెట్లు ఉన్నాయి, మా వదిన వాళ్ళమ్మని ఇద్దరం పట్టుకుని ఎక్కించినాం. రొట్టె కొట్టేది ఆమె ఒక్కతే, కోడలు కూరలు చూసుకుంటుంది, కాబట్టి పది మంది ఒకేసారి కూర్చుంటే చివరి వాళ్ళు ఇరవై నిమిషాలు ఎదురుచూస్తారు, పిల్లలకి ముందు పెట్టమని చెప్పండి. పొగ కొంచెం ఉంటుంది. మంచినీళ్ళు క్యాన్‌వి, కావాలంటే మీ బాటిల్ తెచ్చుకోండి. మామూలు రోజు రొట్టె 20 రూపాయలు, కూర ఊరుమిండి దాంట్లోనే. మాకు మనిషికి 150 తీసుకుంది, ఓళిగలతో కలిపి, ఒక్క రాత్రి ముందు చెప్పిన దానికి. హోటల్ వాళ్ళు అడిగింది 900 అని మర్చిపోవద్దు. ఫోన్‌పే ఉంది. ఆదివారం సెలవు. సజ్జరొట్టె, ఓళిగలు కావాలంటే ముందురోజు చెప్పాల, మొక్కజొన్న రొట్టె అడిగితే కొడుతుంది గానీ పిండికి టైం ఇవ్వండి.

మేము లేచేటప్పుడు అక్క కొంగులో మిగిలిన మొక్కజొన్న గింజలు రెండు పిడికిళ్ళు ఉన్నాయి, మిల్లుకి పోసేటప్పుడు మంచివి ఏరి పక్కన పెట్టిందంట. తొలకరి పడినాక పెరట్లో వేస్తా అంది. పాప వెంటనే, కింద చేప పెట్టాల అని చెప్పింది, చేతులతో ఎంత లోతో కూడా చూపించింది. అక్క ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "ఎండు చాపలైతే సరిపోతాయా పాపా, పచ్చివి ఈ ఊర్లో కరువు" అని అడిగింది. సరిపోతాయో లేదో కనుక్కుని ఫోన్ చేస్తానని పాప మాట ఇచ్చి వచ్చింది. నిన్న రాత్రి డల్లాస్ నుంచి నాకు మెసేజ్ పెట్టింది, అక్క నంబర్ పంపమని.